చదివాను, ఒప్పుకోను

నాకు ముక్కు మీద కోపమని మా ఆఫీసులో అంటారు. అననివ్వండి. ఇరవై నాలుగేళ్లుగా నాకు జీతం ఇస్తున్నది ఆ కోపానికే.

నేను పనిచేసేది దేశం మొత్తానికీ పెద్ద బ్యాంకులో, విదేశీ నిల్వల విభాగంలో. ఈ మాట చెబితే చాలు, బంగారం గదికి కాపలా కాస్తున్నానని అనుకుంటారు జనం. బంగారం మొహం నేనెప్పుడూ చూడలేదు. సంగతి చాలా మామూలుది. దేశం అన్నాక బయటినుంచి పెట్రోలు కొనాలి, మందులు కొనాలి, యంత్రాలు కొనాలి. అమ్మేవాడు మన నోట్లు తీసుకోడు, అందరూ నమ్మే నోట్లు ఇమ్మంటాడు. అందుకని ప్రతి దేశమూ కష్టకాలంలో పనికొస్తుందని కొంత పరాయి డబ్బు, ఎక్కువగా ఆ పరాయి దేశాల బాండ్ల రూపంలో, అంటే అప్పు పత్రాల్లో, దాచిపెట్టుకుంటుంది. ప్రపంచమంతా అలా దాచుకున్న దాంట్లో సగానికి పైగా డాలర్లు, ఇంచుమించు ఐదో వంతు యూరోలు, మిగిలింది తలా కాస్త. మరి మన దేశం ఎన్ని డాలర్లు దాచుకోవాలి, ఎన్ని యూరోలు? మా గదిలో జరిగే యుద్ధమంతా దీని మీదే.

నిర్ణయం మాది కాదు, కమిటీది. మూడు నెలలకోసారి పై అంతస్తులో ఐదుగురు పెద్దలు కూర్చుంటారు. వాళ్ల ముందుకి రెండు కాగితాలు వెళ్లాలి, డాలరు కాగితం ఒకటి, యూరో కాగితం ఒకటి. రెండూ మా గదిలోనే, ఎదురెదురు బల్లల దగ్గర తయారవుతాయి. ఎవరి పక్షం వాళ్లు లాయర్లలాగా వాదించాలి. ఇందులో ఒక తమాషా పద్ధతి ఉంది. ఎప్పుడో, నేను చేరకముందు, గదిలో అందరూ ఒకే మాట మీద తలలూపి దేశాన్ని నిలువునా ముంచబోయారట. అప్పటి పెద్దసారు మండిపడి ఒక రూలు పెట్టాడు. డాలరు కాగితం పైకి వెళ్లాలంటే దాని అడుగున యూరో బల్ల నుంచి ‘చదివాను, ఒప్పుకోను’ అని చేత్తో రాసి సంతకం పెట్టాలి. యూరో కాగితం మీద డాలరు బల్ల నుంచి అలాగే రాయాలి. ఆ రెండు ముక్కలూ లేని కాగితాన్ని కమిటీ గుమాస్తా వేలితో కూడా ముట్టుకోడు. ఒప్పుకున్నవాడు సరిగ్గా చదివి ఉండడని మా ఆఫీసు నమ్మకం.

యూరో రాకముందు అది పాత యూరప్ నోట్ల బల్ల. యూరో పుట్టిన కొత్తల్లో నన్ను తెచ్చి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎదురు బల్ల మనిషిని అందరూ డాలర్ సార్ అనేవారు. నన్ను యూరో మేడమ్ అన్నారు. మా ఇద్దరి మధ్య మాత్రం సార్లూ మేడమ్‌లూ లేవు. నేను అతన్ని ‘డాలరూ’ అనేదాన్ని, అతను నన్ను ‘యూరో’ అనేవాడు. నువ్వంటే నువ్వు. అలా పిలుచుకునే వయసులు కావు, హోదాలూ కావు. కానీ రోజూ పోట్లాడుకునేవాళ్లకి ‘మీరు’ అన్న మాట నోటికి అడ్డం పడుతుంది. మొదటి నెలలోనే అది ఎటో జారిపోయింది.

"నీ యూరో ఒక కాపురమా? ఇరవై కాపురాలు, పర్సు ఒకటే. ఎవరెంత తీస్తున్నారో ఎవరికీ తెలీదు. రేపొకడు మునిగితే మిగతావాళ్లు చెయ్యందిస్తారా, తలుపేసుకుంటారా?" అని మొదలెట్టేవాడు పొద్దున్నే, చేతిలో గొడుగైనా కింద పెట్టకుండా.

నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. "నీ డాలరు సంగతి చూసుకో ముందు. డబ్బు మనది, దాచింది వాళ్లింట్లో. వాళ్లకి కోపమొస్తే తాళం తియ్యరు. అప్పుడు వెళ్లి గుమ్మం ముందు బైఠాయిస్తావా?"

"నీవాళ్లు తీస్తారేంటి? ఇద్దరూ ఒకే రోజు తాళం వేస్తారు."

"అసలు మనం సగం సరుకు కొనేది నావాళ్ల దగ్గర. కొనేది ఒకరి దగ్గర, డబ్బు దాచేది ఇంకొకరి దగ్గరా? ఇదెక్కడి తెలివి?"

"నీవాళ్ల దగ్గర కొన్న పెట్రోలు ఎంతో చెప్పు. చెప్పవు. ఎందుకంటే దానికి ధర కట్టేది డాలర్లలో. పెద్ద మొత్తంలో బాండ్లు అమ్ముకోవాలంటే నా బజారులో ఒక్క ఫోను, ఒక్క నిమిషం. నీ బజారులో ఏ దేశం బాండు, ఎవరి పూచీ అని అడుగుతూనే పొద్దుపోతుంది."

టీ తెచ్చే మనిషి గుమ్మంలోనే ఆగి, "గాలివాన వెలిసిందాండీ, లోపలికి రావచ్చా?" అని అడిగి వచ్చేవాడు. టీ చల్లారేదాకా మళ్లీ అదే గొడవ. సాయంత్రం ఇంటికెళ్లాక, "అయ్యో, ఫలానా లెక్క అతని మొహాన కొట్టలేదే" అని నాకు అన్నం సహించేది కాదు. మర్నాడు గబగబా నడిచి పది నిమిషాలు ముందే ఆఫీసుకి చేరేదాన్ని.

ఒక ఏడాది యూరో దేశాల్లో అప్పుల గోల పుట్టింది. పేపరు తెరిస్తే చాలు, యూరో ఇవాళ పోతుందా రేపు పోతుందా అని రాసేవారు. ఆఫీసులో అందరూ నన్ను పరామర్శించడం మొదలెట్టారు, నేనేదో పుట్టింటివాళ్లని పోగొట్టుకున్నట్టు. డాలరు ఒక్కడే కాస్త కూడా జాలి పడలేదు. "రాయి చూద్దాం ఈసారి కాగితం, ఎలా రాస్తావో" అన్నాడు. రాశాను. నలభై పేజీలు. అడుగున ‘ఒప్పుకోను’ అన్న మాట ఎప్పటికంటే రెండింతలు లావుగా రాసి, "చచ్చావనుకున్నాను. పరవాలేదే" అన్నాడు. అంత మంచి మాట నా ఉద్యోగంలో ఇంకెవరూ అనలేదు.

మా అమ్మ పోయినప్పుడు కూడా అంతే. పది రోజుల తర్వాత ఆఫీసుకి వెళ్తే గదులన్నీ గుసగుసలు. ఎవరికి ఎదురుపడినా తల వంచుకుని పక్కకి తప్పుకున్నారు. నా గదిలో అడుగు పెట్టగానే డాలరు తలెత్తకుండా, "పది రోజుల్లో నీ యూరో రెండు శాతం దిగింది. నువ్వు లేవని బెంగ పెట్టుకుందేమో" అన్నాడు. "నోర్ముయ్, నీ లెక్క తప్పు, ఒకటిన్నరే" అన్నాను. అంటూనే ఏడ్చేశాను. అతను కిటికీ వైపు తిరిగి కూర్చుని ఆ ఒకటిన్నర మీద గంటసేపు గొడవ పెట్టుకున్నాడు.

నాకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడక్కండి, అది పెద్ద కథేమీ కాదు. రెండు గదుల ఫ్లాటు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఇద్దరం, ఆ తర్వాత నేనొక్కదాన్నే. వేరే ఊళ్లో ఉన్న అక్క ఆదివారం ఫోన్ చేస్తుంది. నేనేం చెప్పినా "అవునవును, నిజమేనే" అంటుంది. వెనకాల కుక్కరు కూస్తూ ఉంటుంది, ఆ అవునులో నా మాట ఎంత విన్నదో దేవుడికెరుక. నా మాట ఎదుటి మనిషి చెవిన పడిందని నాకు గట్టిగా తెలిసేది, అతను కాదన్నప్పుడే. అలా కాదనే మనిషి నాకు ఈ లోకంలో ఒక్కడున్నాడు. అతను ఈ ఏడాది రిటైరైపోయాడు.

వీడ్కోలు రోజున నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. అతని పాత కాగితాల్లోంచి మూడు లెక్కల తప్పులు ఏరి చదివాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వి, దండ తీసి బల్ల మీద పెట్టి, కేకు తిని వెళ్లిపోయాడు. మర్నాడు పది నిమిషాలు ముందే వచ్చి కూర్చున్నాను. పదింటిదాకా గుమ్మం వైపు చూశాను. పిచ్చిదాన్ని.

రెండు నెలలు గడిచాయి. ఆ కుర్చీలోకి మనిషిని పంపమని నేను రాయని కాగితం లేదు. ఎవరైనా సరే, అడ్డంగా మాట్లాడేవాళ్లయితే చాలని నోటితో కూడా చెప్పాను. చివరికి మా డైరెక్టరు గారు పిలిచారు. కొత్తగా వచ్చినవారు, నెమ్మదస్తులు. గొంతు పెంచరు, ఎవర్నీ నొప్పించరు. అలాంటివాళ్లతో నాకు చచ్చే చావు.

"మేడమ్, ఆ ఖాళీ పోస్టు వెనక్కి ఇచ్చెయ్యమని పైనుంచి ఒకటే పోరు. అసలీ రోజుల్లో రెండు కాగితాలెందుకండీ? ఈసారికి మీ కాగితం ఒక్కటే పంపుదాం. కమిటీకి లోటేమీ కనిపించకపోతే ఆ పోస్టు వదిలేద్దాం."

గట్టిగానే అన్నాను. "లేని కాగితం లోటు ఎలా కనిపిస్తుంది సార్? రెండూ పంపండి. రెండో కాగితం చదివాక కమిటీ మనసు మారిందనుకోండి, ఆ కుర్చీ కావలసిందేనని తేలిపోతుంది కదా?"

"బాగానే ఉంది. రాసేదెవరు మరి?"

"డాలర్ సార్‌నే అడుగుతాను. రిటైరైనవాళ్లకి గౌరవ వేతనం ఇచ్చి రాయించుకోవచ్చని రూలుంది."

"కానివ్వండి. ఆ కాగితం వల్ల నిర్ణయం మారితే పోస్టు సంగతి నేను చూసుకుంటాను" అన్నారు డైరెక్టరు గారు.

కమిటీకి ఇంకా పది రోజులుంది. ఆదివారం పొద్దున్నే అడ్రసు పట్టుకుని అతనింటికి బయల్దేరాను. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ ఇంటికి వెళ్లలేదు. వెళ్లే అవసరమేముంది? మనిషి రోజూ నా ఎదురుగానే ఉండేవాడు. దారిలో బిస్కెట్ల డబ్బా ఒకటి కొన్నాను. బస్సులో కూర్చుని, గుమ్మంలోనే ఏ మాటతో దెబ్బ కొట్టాలా అని నాలుగు రకాలు అనుకుని నాలుగూ మార్చాను. ఒళ్లు తేలిగ్గా ఉంది. రెండు నెలల తర్వాత కొట్లాడబోతున్నాను మరి.

తలుపు అతనే తీశాడు. నడుముకి వంటింటి తువ్వాలు చుట్టుకున్నాడు. ఒక్క క్షణం తెల్లమొహం వేసి, తర్వాత నవ్వాడు.

"రండి రండి మేడమ్. ఎంత కాలానికి! కూర్చోండి."

నేను వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఎవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. ఆ ‘రండి’ నాకే.

లోపల్నుంచి అతని భార్య వచ్చింది. చక్కటి మనిషి, నవ్వు మొహం. నేనెవరో అతను చెప్పాడు, "ఆఫీసులో మేడమ్" అని. ఆవిడ ఆప్యాయంగా చెయ్యి పట్టుకుంది.

"ఒకే గదిలోనా? ఇరవై నాలుగేళ్లా? చూశారా, ఈయన మీ గురించి ఒక్కసారైనా చెప్పలేదు! ఇంటికొచ్చాక ఆఫీసు మాట ఎత్తితే ఒట్టు" అంది. మా అక్కకైతే నేను ప్రతి ఆదివారం అతని చొక్కా రంగులతో సహా చెప్పేదాన్ని. నేను బిస్కెట్ల డబ్బా ఆవిడ చేతిలో పెట్టి నవ్వాను.

ఆవిడ కర్టెన్లు మారుద్దామంటోంది, అతను సరే అంటున్నాడు. పచ్చవి అంది, సరే అన్నాడు. కాదు నీలం అంది, అదీ సరే అన్నాడు. నాకు కళ్లు తిరిగాయి. ఆవిడ మురిసిపోతూ నాతో అంది కదా, "పెళ్లయి ముప్పై రెండేళ్లు. నా మాటకి ఏనాడూ కాదనలేదండీ." మరి ఆ కాదులన్నీ ఎక్కడ పోసి వచ్చేవాడో నేనెలా చెప్పను ఆవిడకి?

ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే గొంతు తగ్గించి సంగతంతా చెప్పాను. డైరెక్టరు మాట, కమిటీ తేదీ, ఖాళీ కుర్చీ. "ఒక్క కాగితం రాసివ్వు డాలరూ. నీ పాత పోట్లాటే. నేను అడుగున ఒప్పుకోనని రాస్తాను. కుర్చీ నిలబడుతుంది, ఎవరో ఒకరు వస్తారు."

అతను మొహమాటంగా చేతులు తుడుచుకున్నాడు. "వద్దులెండి మేడమ్. అవన్నీ మర్చిపోయాను. హాయిగా ఉంది."

"మర్చిపోతావా? నువ్వా? ఇరవై కాపురాలు, ఒకే పర్సు అన్నది ఎవరు? సరే, నేనంటున్నాను, డాలరు వాటా సగానికి కొయ్యాలి. ఏమంటావు?" రెచ్చగొట్టాలని అన్నాను. సగానికి కొయ్యాలని నేనే ఎప్పుడూ అనలేదు.

"కొయ్యాలేమో" అన్నాడు. "నిజం చెప్పాలంటే మొదట్నుంచీ మీ వాదనే సబబుగా ఉందనిపించేదండీ. కొనేది ఒకచోట, దాచేది ఒకచోట ఏంటి అంటారే, అది నిజం కాదూ?"

"మరి ఇన్నేళ్లు...?" అన్నాను.

"ఉద్యోగం కదండీ. నాకు డాలరు బల్ల ఇచ్చారు. యూరో బల్ల ఇచ్చి ఉంటే యూరో అనేవాణ్ని" అన్నాడు చాలా మామూలుగా. అందులో ఎత్తిపొడుపు లేదు, దాపరికమూ లేదు. దర్జీ ఇంకొకరి కొలతలకి చొక్కా కుట్టినట్టే అతను వాదించాడు. నేను ఆ చొక్కా నా కోసమే అనుకున్నాను.

టీ తాగాను. ఆవిడ మళ్లీ రమ్మంది. అతను గేటు దాకా వచ్చాడు. భార్య ముందు మర్యాదకి మీరు అన్నాడేమో, గేటు దగ్గర ఒక్కసారైనా నువ్వు అంటాడేమో అని నేను చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి కాసేపు నిలబడ్డాను. "ఎండగా ఉంది, ఆటోలో వెళ్లండి మేడమ్" అన్నాడు. ఆటోలో వెళ్లలేదు. ఎండలో మూడు స్టాపులు నడిచాను. కోపం వస్తుందని చూశాను. కోపం రాలేదు, అదే నన్ను భయపెట్టింది.

సోమవారం నా యూరో కాగితం రెండు గంటల్లో అయిపోయింది. డాలరు కాగితం ఎవరు రాయాలి? మా విభాగంలో ఇంకెవరికీ ఆ లెక్కలు రావు. ఆ కాగితం లేకపోతే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే నాకింకా మూడేళ్ల ఉద్యోగం ఉంది. ఆ మూడేళ్లూ ఉత్త గోడకేసి చూస్తూ ఎలా గడపను? మంగళవారం పొద్దున లేచి వెళ్లి ఎదురు బల్ల దగ్గర కూర్చున్నాను. అక్కణ్నుంచి చూస్తే నా కుర్చీ వెలవెలబోతూ కనబడింది.

రాయడం మొదలెట్టాక చెయ్యి ఆగలేదు. అతని మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. ఎక్కడ మొదలెడతాడో, ఎక్కడ గుక్క తిప్పుకుంటాడో, ఏ లెక్క ఆఖరుకి దాచిపెట్టి విసురుతాడో అన్నీ తెలుసు. అతనికంటే ఒక సంగతి ఎక్కువే తెలుసు నాకు. యూరోకి ఎక్కడ కొడితే తగులుతుందో తెలుసు. ఇన్నేళ్లూ అతని కంట పడకుండా నేను కప్పిపుచ్చుకుంటూ వచ్చిన బొక్కలు మూడున్నాయి. ఎవరి బాండు ఎవరి పూచీ అన్నది ఒకటి. గడ్డురోజున నిజంగా ఎన్ని బాండ్లు అమ్ముడుపోతాయన్నది రెండోది. మంట డాలరు ఇంట్లోనే అంటుకున్నప్పుడు కూడా జనం మళ్లీ ఆ ఇంట్లోకే ఎందుకు పరుగెడతారన్నది మూడోది. నిజాయితీగా రాయాలి కదా? మూడూ రాశాను. రాస్తూ మధ్యమధ్య, "అబద్ధం!" అని పైకే అరిచాను. జవాబు కూడా నేనే చెప్పాను. జవాబు బాగుంది, నాకు తిరుగు మాట తోచలేదు. టీ మనిషి గుమ్మంలో ఆగి లోపల ఎవరున్నారో తొంగి చూశాడు. నేనొక్కదాన్నే కనిపించేసరికి కప్పు ఆ చివర పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు.

గురువారం రెండు కాగితాలూ తీసుకుని కమిటీ గుమాస్తా దగ్గరికి వెళ్లాను. డాలరు కాగితం మీద తయారుచేసినవారు నేను. అడుగున ‘చదివాను, ఒప్పుకోను’ అని నా చేతిరాత, నా సంతకం. యూరో కాగితం మీదా అంతే. గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు.

"రాసిందీ మీరే, ఒప్పుకోనిదీ మీరేనా మేడమ్? ఇదెక్కడి చోద్యం?"

"మధ్యలో చదివింది కూడా నేనే" అన్నాను. "ఏం, ఇద్దరు మనుషులుండాలని రూల్లో ఉందా? పుస్తకం తీసి చూడండి."

తీశాడు. పేజీ మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. బల్ల అని ఉంది, మనిషి అని లేదు. చేత్తో రాయాలని ఉంది, సంతకం ఉండాలని ఉంది. "నిజమే మేడమ్, లేదు" అని ముద్ర కొట్టాడు. గెలిచాను కదా అని మెట్లు చకచకా దిగాను. నా నోటి దురుసుతనం నా కొంప ముంచుతుందని మా అమ్మ అంటూనే ఉండేది, కానీ ఇంత తొందరగా, ఇంత శుభ్రంగా ముంచుతుందని ఆవిడ కూడా అనుకుని ఉండదు.

తర్వాతి బుధవారం కమిటీ కూర్చుంది. మామూలుగా అరగంటలో అయిపోయేది రెండు గంటలు నడిచింది. నన్ను లోపలికి పిలిచి ప్రశ్నలడిగారు. డాలరు వైపు అడిగితే డాలరు వైపు చెప్పాను, యూరో వైపు అడిగితే యూరో వైపు. ఒక పెద్దాయన నవ్వి, "ఇద్దరు గదిలో జుట్లు పట్టుకున్నట్టే ఉందమ్మా" అన్నారు. సాయంత్రానికి నిర్ణయం వచ్చింది. యూరో వాటా మూడు శాతం తగ్గించి అంతమేర డాలర్లు కొనాలి. ఈ ఇరవై నాలుగేళ్లలో డాలరు ఇంత గట్టిగా ఎప్పుడూ గెలవలేదు. గెలిపించింది నేను. ఓడిపోయిందీ నేనే. పాతరోజుల్లో అయితే అతను వారం పాటు నా ప్రాణం తీసేవాడు, గది చుట్టూ తిరిగి పాటలు కట్టేవాడు. నేను గదిలోకి వచ్చి కూర్చుంటే ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అయినా నాకు లోలోపల సంతోషంగానే ఉంది. నిర్ణయం మారింది. కాగితం పనిచేసింది. ఇక కుర్చీ నిలబడ్డట్టే. ఎవరొస్తారో, మొదటి రోజు వాళ్లని ఏ ప్రశ్నతో హడలగొట్టాలో ఆలోచిస్తూ ఇంటికెళ్లాను.

శుక్రవారం డైరెక్టరు గారు పిలిచారు. లేచి నిలబడి మరీ కుర్చీ చూపించారు.

"మేడమ్, ఇంత బలమైన డాలరు కాగితం తన సర్వీసులో చూడలేదన్నారు కమిటీ ఛైర్మన్ గారు. మా అందరి కళ్లూ తెరిపించారు మీరు."

"సంతోషం సార్. పోస్టు సంగతి?"

"అదే చెప్పబోతున్నాను. ఇద్దరు చేసే పని మీరొక్కరే, ఇద్దరికంటే బాగా చేశారు. ఇంకా రెండో మనిషిని అడిగితే పైవాళ్లు నన్ను చూసి నవ్వరూ? రూల్లో కూడా ఇద్దరుండాలని లేదట. మీరే చూపించారని గుమాస్తా చెప్పాడు. పోస్టు వెనక్కి ఇచ్చేశాను, ఉత్తర్వు పొద్దున వచ్చింది. మీ జీతానికి మాత్రం ప్రత్యేక భత్యం కలపమని రాశాను. మీకేం అభ్యంతరం లేదుగా?"

అభ్యంతరమా? అభ్యంతరం చెప్పడమే కదా నా బతుకు. నోరు తెరిచాను. పని ఎక్కువవుతుందని చెబుదామంటే, మూడు రోజుల్లో రెండూ రాసి చూపించాను. ఒక్కళ్లే రాస్తే ఒకవైపు మొగ్గుతారని చెబుదామంటే, నా యూరోనే నేను ఓడించి చూపించాను. ఏ వాదన ఎత్తుకున్నా దాని పీక నా చేత్తో నేనే పిసికేశాను. ఇక మిగిలింది ఒక్కటే, ఏ కాగితం మీదా ఎప్పుడూ రాయనిది.

"సార్, నేను ఆ గదిలో ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఇంట్లోనూ ఒక్కదాన్నే. పొద్దున లేచి వస్తున్నది ఎదురుగా ఒక మనిషి ఉంటాడని సార్. ఆ కుర్చీలో ఎవరూ లేకపోతే నేను బతకలేను."

ఆయన నెమ్మదస్తులని చెప్పాను కదా, నిజంగానే మంచి మనిషి. లేచి వచ్చి గ్లాసులో నీళ్లు పోసి నా చేతికిచ్చారు. ఆయన కళ్లలో తడి కూడా చూశాను.

"ఈ మాట ముందే చెప్పొద్దూ మేడమ్! దీనికి పోస్టు ఎందుకండీ, క్షణంలో పని. ఆ గది ఖాళీ చేయించి, సోమవారం నుంచి మీ బల్ల కింద పెద్ద హాల్లో వేయిస్తాను. అరవై మంది ఉంటారక్కడ, అందరూ మంచి పిల్లలు. మీరంటే ఎంత గౌరవమో మీకు తెలీదు. మీరేమన్నా సరే, ఒక్కరు కూడా ఎదురు మాట్లాడరు."

థాంక్స్ సార్ అని చెప్పి, నీళ్లు తాగి లేచాను.